ఒనాహోక గుర్రాన్ని ఇచ్చేసిన కథ

అనగనగా, ఎంత వెనక అంటే, ఆ రోజుల్ని చూసినవాళ్ళని చూసినవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. అంత వెనక.

పడమటి సముద్రాలు దాటి పోతే ఒక పెద్ద నేల. ఆ నేల మీద చోక్టా అనే జనం ఉండేవాళ్ళు. మొక్కజొన్న వాళ్ళ పంట. మొక్కజొన్న వాళ్ళ తిండి. మొక్కజొన్నే వాళ్ళ పండగ. ఏ ఇంటికెళ్ళినా వాకిట్లో మొక్కజొన్నని చిక్కగా ఉడికించే గటక కుండ పొయ్యి మీదే ఉండేది. ఎవరొచ్చినా ముందు గటక పెట్టేవాళ్ళు, ఏ పని మీద వచ్చావని తర్వాత అడిగేవాళ్ళు.

వాళ్ళ నేల మీద తెల్లదొరల కన్ను పడింది. "ఈ కాగితం మీద గుర్తు పెట్టండి, పడమటికి పొండి" అన్నారు. పొమ్మని ఊరుకున్నారా? వెనకాల సైనికుల్ని పెట్టి తోలారు. చలికాలం. మోకాలి లోతు మంచు. కాళ్ళకి చెప్పుల్లేవు. నడిచారు. నడిచారు. నడిచారు. మొదటి నది దాటేసరికి ముసలివాళ్ళు పోయారు. రెండో నది దాటేసరికి చంటిపిల్లలు పోయారు. మూడో నది దగ్గరికొచ్చేసరికి, ఎవరు పోయారో చెప్పుకునే ఓపిక కూడా పోయింది.

ఆ నడిచినవాళ్ళలో బిస్సా అని ఒకామె ఉంది. నోరు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది, కానీ ఊళ్ళో అందరికీ నోరే కనపడేది. ఆమె పక్కనే ఒనాహోక నడిచింది. ఒనాహోకకి మొగుడు లేడు, అన్నదమ్ములు లేరు. ఉన్నదల్లా తొమ్మిదేళ్ళ కూతురు.

మూడో నది దగ్గర సైనికులు గింజలు పంచారు. ఎండిన మొక్కజొన్న గింజలు, రాళ్ళలాంటివి. వండుకునేంత సేపు ఆగనివ్వలేదు. నాలుగు రోజుల ఆకలి మీదున్న పిల్ల, తల్లి చూసేలోపే పచ్చి గింజలు గుప్పెడు నమిలి మింగేసింది. పొద్దున మింగింది. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుంది. సాయంత్రానికి పోయింది.

నది ఒడ్డున ఒక వాలు బండ ఉంది. దాని కింద మట్టి గీకి, పిల్లని పడుకోబెట్టి, పైన మూడు రాళ్ళు పెట్టింది ఒనాహోక. "వస్తానమ్మా. వచ్చి తీసుకెళ్తా" అని చెప్పింది. బిస్సా పక్కనే ఉంది. విన్నది.

చోక్టావాళ్ళకి ఒక ఆచారం. మనిషి ఎక్కడ పోయినా ఎముకలు ఇంటికి రావాలి. సొంతవాళ్ళు వెళ్ళి, సొంత చేతుల్తో ఏరుకుని, తెచ్చి తమవాళ్ళ మధ్య పెట్టుకోవాలి. అందాకా ఆ మనిషి దారిలోనే ఉన్నట్టు లెక్క. పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. ఎంత స్నేహం ఉన్నా సరే, ముట్టుకోకూడదు.

కొత్త నేల మీద గుడిసెలేసుకున్నారు. ఒనాహోక బుట్టలల్లడం మొదలుపెట్టింది. వాగుల్లో పెరిగే సన్నవెదురు కోసి, చీల్చి, రంగులద్ది అల్లేది. వేసవంతా అల్లింది. చలికాలమంతా అల్లింది. ఏళ్ళకేళ్ళు అల్లింది. వేళ్ళు పగిలేవి, గటక గింజలు నానబెట్టే బూడిదే వాటి మీద రాసుకుని మళ్ళీ అల్లేది.

"ఎన్ని బుట్టలే అక్కా? ఊరు మొత్తాన్ని బుట్టల్లో పెట్టి మూత పెడతావా ఏంటి?" అనేది బిస్సా.

"గుర్రం కొంటా" అనేది ఒనాహోక.

"నీకెందుకు గుర్రం?"

"నా కాళ్ళు అంతదూరం మళ్ళీ నడవలేవే. గుర్రమైతే నడుస్తుంది."

పదహారేళ్ళకి గుర్రం వచ్చింది. బూడిదరంగు గుర్రం. ఒక చెవి సగం తెగి ఉంది. బిస్సా దాని చుట్టూ తిరిగి చూసి, "నువ్వు దీన్ని మోస్తావా, ఇది నిన్ను మోస్తుందా?" అని నవ్వింది. నవ్వి, ఇంటికెళ్ళి మొక్కజొన్నలు వేయించి పేలపిండి కొట్టింది. దారిలో తినడానికి మూట కట్టి పెట్టింది.

మంచు కరగగానే బయల్దేరాలి. అంతా సిద్ధం.

సరిగ్గా అప్పుడు పెద్దాయన అందర్నీ పిలిచాడు. ఊరి మధ్య చావడి దగ్గర జనం చేరారు. ఒనాహోక కూడా వెళ్ళింది, పోయొస్తానని అందరికీ చెప్పొచ్చులే అని. పెద్దాయన చేతిలో కాగితం.

"సముద్రం అవతల ఐర్లండ్ అని ఒక దీవి ఉందంట. అక్కడి బీదవాళ్ళకి బంగాళాదుంపే తిండంట. రెండేళ్ళ నుంచి దుంప నేలలోనే కుళ్ళి నల్లగా నీరైపోతోందంట. పచ్చగడ్డి తిని చచ్చిపోతున్నారంట. మనకి తోచింది పంపుదామా అని అడుగుతున్నా."

ఒక కుర్రాడు లేచాడు. "మనకెవరు పంపారు పెద్దాయనా, మనం నడిచినప్పుడు?"

బిస్సా ఊరుకుంటుందా? "ఆ ఊరి పేరుకి నా నోరే తిరగట్లేదు! నోరు తిరగని ఊరికి మన గింజలెలా వెళ్తాయి?"

జనం నవ్వారు. ఒనాహోక నవ్వలేదు. లేచి నిలబడింది.

"పెద్దాయనా, అది ఎన్ని రోజుల నడక?"

"నడక కుదరదమ్మా. అంతా నీళ్ళే. ఓడ మీద రెండు నెలలు."

"వాళ్ళని ఇళ్ళలోంచి తోలేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారంట. అద్దె కట్టలేదని ఇంటి కప్పు పీకేసి, రోడ్డు మీదకి తోలుతున్నారంట."

"రోడ్డు పక్కన పడిపోయినవాళ్ళని ఎవరు ఎత్తుతున్నారు?"

పెద్దాయన కాగితం వంక చూశాడు. "ఎత్తే ఓపిక ఎవరికీ లేదని రాశారమ్మా."

ఒనాహోక ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు బయల్దేరలేదు. ఆ మర్నాడూ బయల్దేరలేదు. మూడో రోజు పొద్దున్నే బిస్సా బయటికొచ్చి చూస్తే, ఒనాహోక గుర్రాన్ని పట్టుకుని పోతోంది. తూర్పుకి కాదు. చావడి వైపు.

బిస్సా పరిగెత్తుకెళ్ళి దారికడ్డంగా నిలబడింది.

"అక్కా, ఎటు?"

"ఇచ్చేస్తున్నానే."

"పిచ్చిదానా! ఇవ్వాలంటే ఒక బుట్ట ఇవ్వు. రెండు బుట్టలివ్వు. నీ గటక కుండ ఇవ్వు, నేను పెడతాలే నీకు. గుర్రాన్నా ఇచ్చేది? పదహారేళ్ళే అక్కా! నీ వయసెంత? ఇంకో గుర్రం కొనేసరికి నువ్వుంటావా?"

"ఉండనేమో."

"మరి పిల్ల?"

ఒనాహోక గుర్రం మెడ నిమిరింది. "పిల్లకి ఇప్పుడు ఆకలి లేదే బిస్సా. వాళ్ళకి ఉంది. ఈ గుర్రం నాది కాదు, నా పిల్లది. దాని వాటా ఇది. ఆ రోజు దానికి ఒక్క పూట గటక దొరికుంటే బతికేది. దాని వాటా వాళ్ళు తింటారు."

బిస్సా దారిచ్చింది. ఇవ్వాలనిపించి కాదు. ఏడుపొచ్చి కళ్ళు కనపడక పక్కకి జరిగింది, ఈ లోపు గుర్రం వెళ్ళిపోయింది.

అంతే. ఒనాహోక గుర్రాన్ని ఇచ్చాక, ఆ రోజు నవ్వినవాళ్ళే ఇళ్ళకి పరిగెత్తారు. ఒకడు తోలు తెచ్చాడు, ఒకడు తుపాకీ తెచ్చాడు, ఒకడు పెళ్ళానికి తెలీకుండా పెళ్ళాం గొలుసు తెచ్చాడు. తర్వాత ఆ పెళ్ళామే వచ్చి చెవి తమ్మెట్లు కూడా ఇచ్చింది. అన్నీ సంతలో అమ్మి పెద్దాయన పంపబోతుంటే, ఒనాహోక ఆపింది.

"దీంతో అక్కడ ఏం కొంటారు?"

"మొక్కజొన్నేనమ్మా. ఓడల్లో అదే పోతోంది."

"వాళ్ళకి వండటం తెలుసా?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "దుంపలు తినే జనం. ఎక్కడ తెలుస్తుంది?"

"అయితే కాగితం తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. గింజల్ని బూడిదనీళ్ళలో నానబెట్టాలి, తొక్క ఊడేదాకా. మూడుసార్లు కడగాలి. సగం రోజు ఉడకాలి. ఆకలితో ఉన్నవాడికి గబగబా పెట్టకూడదు. ముందు తేట. తర్వాత జావ. ఆ తర్వాతే గటక. రాశావా?"

"రాశాను."

"నా పేరు కూడా రాయి. ఎవరో చెప్పారంటే వినరు. వండే ఆడమనిషి చెప్పిందంటే వింటారు."

కాగితం వెళ్ళింది. గుర్రం వెళ్ళింది. ఒనాహోక మళ్ళీ బుట్టలల్లడానికి కూర్చుంది. కానీ వేళ్ళు వంగలేదు. రెండేళ్ళు కూర్చుంది. మూడో ఏడు మంచం పట్టింది. బిస్సానే గటక కలిపి తాగించింది. చివర్లో ఒక్క మాట అంది ఒనాహోక.

"బిస్సా, నా పిల్ల ఇంకా దారిలోనే ఉందే."

బిస్సా నోరు పెద్దదని చెప్పానుగా. ఆ రోజు ఆ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకో గుక్క గటక తాగించింది.

ఒనాహోకని ఊరి బయట, మామిడి ఎరుగని ఆ నేల మీద, ఓక్ చెట్ల పక్కన పెట్టారు. చోక్టావాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. పోయినవాళ్ళ పేరు పలకరు. పలికితే వాళ్ళని వెనక్కి లాగినట్టు అని వాళ్ళ నమ్మకం. అందుకని ఒనాహోక పేరు ఆ రోజుతో ఊళ్ళో ఆగిపోయింది. బిస్సా కూడా పలకలేదు. రోజూ మూడో నదిని తలుచుకునేది. తను వెళ్ళి తెద్దామంటే, తను స్నేహితురాలే గానీ రక్తసంబంధం కాదు. ముట్టుకోకూడదు. సొంతవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పిల్ల ఇక ఎప్పటికీ దారిలోనే.

ఏళ్ళు గడిచాయి. బిస్సా జుట్టు నెరిసిపోయింది.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊళ్ళోకి బండి తోలుకుంటూ ఒక మనిషి వచ్చాడు. ఎర్ర జుట్టు, ఎర్ర గడ్డం, ఎండకి కమిలి ఉడికిన రొయ్యలాంటి మొహం. వస్తూనే గొంతెత్తి అరిచాడు.

"ఒనాహోక! అయ్యా, ఒనాహోక ఇల్లెక్కడ? అమ్మా, ఒనాహోక!"

ధడేల్ ధడేల్‌మని తలుపులు మూసుకున్నాయి. పిల్లల్ని తల్లులు లోపలికి లాక్కున్నారు. పోయినవాళ్ళ పేరు, నడివీధిలో, గొంతు చించుకుని! ఆ మనిషికేమో అర్థం కాలేదు. వినపడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా అరిచాడు.

గటకకి గింజలు దంచుతున్న బిస్సా రోకలితో సహా వీధిలోకి వచ్చింది.

"నోరు ముయ్యరా ఎర్రకోతీ! ఇంకొక్కసారి ఆ పేరెత్తావంటే ఈ రోకలి విరుగుతుంది, దీంతోపాటు నీ నడుమూ విరుగుతుంది!"

ఆ మనిషి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చోక్టా మాటలు ముక్కలు ముక్కలుగా నేర్చుకుని వచ్చాడు. "కోప్పడకమ్మా. నా పేరు కోర్మక్. రాళ్ళు పేర్చి గోడలు కడతాను. మాది ఐర్లండ్. ఆమెకి దండం పెట్టుకుని పోదామని వచ్చా."

ఐర్లండ్. నోరు తిరగని ఆ ఊరి పేరు. బిస్సా రోకలి దించింది. "ముందు కూర్చో" అని గటక పెట్టింది. అతను చేతిలోకి తీసుకుని, తినకుండా పైన తేట వంక చూస్తూ కూర్చున్నాడు.

"తినవేం? ఉప్పు సరిపోలేదా?"

"మా ఊళ్ళో దుంప పోయిన రెండో ఏడు మొక్కజొన్న వచ్చిందమ్మా. ఎలా తినాలో ఎవరికీ తెలీదు. ఆత్రంగా సగం ఉడికించి తిన్నారు. కడుపు పట్టుకుని పోయారు. గింజల్లో విషం ఉందన్నారు. తర్వాత ఒక ఆదివారం చర్చి ముందు ఫాదర్ ఒక కాగితం చదివాడు. చోక్టా అనే జనం పంపారంట. ఒనా..." బిస్సా రోకలి వంక చూసి ఆగాడు. "ఒకామె చెప్పమందంట. ముందు తేట. తర్వాత జావ. ఆ తర్వాతే గటక. ఇంటికి పరిగెత్తా. నా భార్య షివాన్ అప్పటికి కళ్ళు తెరవట్లేదు. బూడిదనీళ్ళలో నానబెట్టా. మూడుసార్లు కడిగా. సగం రోజు ఉడికించా. మూడు గుక్కల తేట పోశా. పొద్దుగుంకేసరికి జావ. మర్నాడు గటక. బతికిందమ్మా! ఊళ్ళో పొయ్యి పొయ్యికీ వెళ్ళి చెప్పా. ఊరు బతికింది. ఇప్పుడు నాకు ముగ్గురు పిల్లలు."

బండిలోంచి ఒక శాలువా తీశాడు. మందపాటి ఊలు, తెల్లటిది. "షివాన్ నేసింది. ఆమెకిచ్చి, భుజం మీద కప్పి రమ్మంది."

బిస్సాకి ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా వచ్చింది.

"భుజం ఎక్కడుందిరా కప్పడానికి? పోయింది! నువ్వు తిన్న గటక ఏంటో తెలుసా నీకు? అది ఆమె కూతురు! పదహారేళ్ళు వేళ్ళు పగలగొట్టుకుని గుర్రం కొన్నది, కూతురి ఎముకలు తెచ్చుకోవడానికి. మీ ఆకలి గురించి విని గుర్రాన్ని ఇచ్చేసింది. కూతురు మూడో నది దగ్గర వాలు బండ కింద అలాగే ఉండిపోయింది. తల్లి దిగులుతో పోయింది. తిను! చల్లారిపోతోంది, తిను!"

కోర్మక్ తినలేదు. ఏడ్చాడు. గడ్డమంతా తడిసిపోయేలా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని అడిగాడు. "ఆ నది ఎంత దూరం?"

"నువ్వు వెళ్ళి లాభం లేదు. సొంతవాళ్ళే ఏరాలి. నేనే ముట్టుకోకూడదు, నువ్వెవరు..."

అక్కడ బిస్సా ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. గుర్రం మెడ నిమురుతూ ఒనాహోక అన్న మాట చెవిలో పడింది. దాని వాటా వాళ్ళు తింటారు.

"ఒరేయ్, నువ్వు ఎవరి వాటా తిన్నావు?"

"ఏంటమ్మా?"

"లే! లే ముందు!"

అతని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దాయనకి అప్పటికి చూపు సరిగ్గా ఆనట్లేదు. "ఎవరే బిస్సా?" అన్నాడు.

"పెద్దాయనా, తల్లి తన కూతురి వాటా తీసి ఇంకొకడికి పెట్టింది. వాడు తిని బతికాడు. వాడు ఆ తల్లికి ఏమవుతాడు?"

పెద్దాయన ఒకసారి అవునన్నట్టు తలూపాడు. ఒకసారి కాదన్నట్టు అడ్డంగా ఊపాడు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు.

"పిల్లల వాటా పిల్లలకే పెడతారు. తిన్నవాడు కొడుకే" అన్నాడు.

అలా కోర్మక్ ఒనాహోకకి కొడుకయ్యాడు. మూడో నది దగ్గర పడుకున్న పిల్లకి అన్నయ్యాడు.

బండి కట్టారు. బిస్సా దారి చూపిస్తూ కూర్చుంది. తిడుతూ కూర్చుంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. "అటు కాదు. ఇటు. గోడలు కట్టేవాడికి దారులేం తెలుస్తాయ్!" వెళ్ళారు. వెళ్ళారు. వెళ్ళారు. తను కాళ్ళు కోసుకుంటూ నడిచిన దారిలో, ఈసారి వెనక్కి. మూడో నది వచ్చింది. వాలు బండ అలాగే ఉంది. మూడు రాళ్ళు అలాగే ఉన్నాయి, నాచు పట్టి.

బిస్సా దూరంగా నిలబడింది. కోర్మక్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాళ్ళతో బతికిన చేతులు కదా, ఒక్కో రాయిని నిద్రపోయే పసిపాపని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. మట్టిని వేళ్ళతో తీశాడు. చిన్న చిన్న ఎముకలు. ఒక్కటి కూడా వదలకుండా ఏరి, తెల్ల శాలువాలో చుట్టాడు. "వచ్చానమ్మా, అన్నని" అన్నాడు, తన భాషలో. బిస్సాకి ఆ భాష రాదు. ఏమన్నాడో మాత్రం అర్థమైంది.

తెచ్చి తల్లి పక్కన పెట్టారు. పిల్ల ఇల్లు చేరింది.

కోర్మక్ చుట్టుపక్కల రాళ్ళేరుకొచ్చాడు. మట్టి లేకుండా, సున్నం లేకుండా, రాయి మీద రాయి కూర్చోబెట్టి, ఇద్దరి మీదా గుట్టలా పేర్చాడు. అయ్యాక టోపీ తీసి, గుండె నిండా ఊపిరి పీల్చుకుని, పేరు పలకబోయాడు. బిస్సా చెయ్యి వచ్చి నోరు మూసింది.

"మా ఊళ్ళో పేరు పలక్కపోతే ఆ మనిషిని మర్చిపోయినట్టమ్మా" అన్నాడు, వేళ్ళ సందుల్లోంచి.

"మా ఊళ్ళో పలికితే ఆ మనిషిని వెనక్కి లాగినట్టురా. ఇన్నేళ్ళకి కూతుర్ని కలుసుకుంది. కదిలించకు."

"మరి నేనెలా తలుచుకోను?"

బిస్సా ఆలోచించింది. చెయ్యి తీసింది. "మీ ఊరెళ్ళి పలుక్కో. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పలుక్కో. సముద్రం అవతల నుంచి దీనికేం వినపడుతుంది!"

అన్నదే గానీ, అని తనే మొహం తిప్పుకుంది.

కోర్మక్ వెళ్ళాడు. పలికాడు. భార్యకి చెప్పాడు, పిల్లలకి చెప్పాడు, ఊరికి చెప్పాడు. ఇప్పటికీ ఆ ఊళ్ళో, జబ్బుపడి లేచినవాడికి మొదటిసారి జావ పట్టేటప్పుడు మూడు గుక్కలు పడతారు. మూడు గుక్కలకీ మూడుసార్లు "ఒనాహోక, ఒనాహోక, ఒనాహోక" అంటారు, వీధి చివరిదాకా వినపడేలా. ఇటు నేల మీద కరువొచ్చినా జబ్బొచ్చినా అటు నుంచి ఓడొస్తుంది. ఓడలో వచ్చే ఉత్తరం "చెల్లెలి ఊరివాళ్ళకి" అని మొదలవుతుంది.

ఇటు చోక్టా నేల మీద, ఆ గుట్ట పక్క నుంచి పోయేవాళ్ళు ఒక రాయి తీసి పైన పెట్టి పోతారు. నోరు విప్పరు. పిల్లలు ఊరుకోరుగా, "ఈ రాళ్ళ కింద ఎవరు? పేరేంటి?" అని కొంగు పట్టుకు లాగుతారు.

అప్పుడు పెద్దవాళ్ళు పేరు చెప్పరు. "సముద్రం అవతల మనవాళ్ళున్నారు. వాళ్ళనడగండి" అంటారు.